ఆశ ఎవరిది? తృప్తి ఎవరికి?

(నరసరావుపేటలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘అధికార దాహం, జీవితంలో తృప్తి’ అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిచిన మిత్రులు దీన్ని వ్యక్తిత్వ వికాసం కింద లెక్కేసినట్టున్నారు. ఉన్నదాంతో సరిపెట్టుకోండి, ఎక్కువ కోరికలు పెట్టుకోకండి, ప్రశాంతంగా ఉండండి అని నాలుగు మంచిమాటలు చెప్పి దిగిపోతాననుకున్నారేమో. ఆ మాటలు నేను చెప్పను. ఎందుకంటే ఆ మాటలు చెప్పేవాళ్ళెవరో, వినాల్సివచ్చేవాళ్ళెవరో మనకు తెలుసు.

తృప్తి గురించిన ఉపన్యాసం ఎప్పుడూ పైనుంచి కిందికే పారుతుంది. కౌలు రైతుకు తృప్తి చెప్తారు, భూస్వామికి చెప్పరు. కాంట్రాక్టు ఉద్యోగికి చెప్తారు, కాంట్రాక్టరుకు చెప్పరు. నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే పిల్లవాడికి ఓపిక పట్టమంటారు. ఒకసారి గెలిచి, రెండోసారి గెలిచి, కొడుక్కి కూడా టికెట్ అడిగే నాయకుడికి మాత్రం ఇక చాలని ఎవరూ అనరు. అతనిది పట్టుదల, మనది అత్యాశ!

అందుకే ముందు మాటలు విడదీసుకుందాం. నీకు రావలసింది నువ్వు అడగడం ఒకటి. ఎదుటివాడికి రావలసింది కూడా నాకే కావాలనడం మరొకటి. మొదటిది హక్కు, రెండోది అధికార దాహం. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి ‘ఆశ’ అని పేరు పెట్టిన రోజునుంచే మోసం మొదలవుతుంది. ఈ తేడా నేర్చుకోవడానికి మీరు ఎక్కడికో పోనక్కరలేదు. మీ పల్నాడు నేలే దానికి పాఠశాల.

కోడిపుంజు మీద రాజ్యం

పల్నాటి యుద్ధం కథ మీకు నేను చెప్పడమంటే కారంపూడివాళ్ళకు నాగులేరు ఎటు పారుతుందో చెప్పినట్టుంటుంది. అయినా ఒకసారి ఆ కథను మన విషయం దగ్గర పెట్టి చూద్దాం.

12వ శతాబ్దం చివరి మాట. అలుగురాజు కొడుకులు సవతి తల్లుల బిడ్డలు. నలగామరాజు ఒకవైపు, మలిదేవరాజు ఒకవైపు. రాజ్యం పంచుకున్నారు. గురజాలలో నలగాముడు, మాచర్లలో మలిదేవుడు. ఇక్కడివరకు తప్పేం లేదు. అన్నదమ్ములు పంచుకోవడం ఊరూరా ఉన్నదే. పంపకం జరిగాక ఎవరి ఇంట్లో వాళ్ళు చల్లగా ఉంటే ఈ కథే ఉండేది కాదు, వీరుల గుడి ఉండేది కాదు, కార్తీక అమావాస్యనాడు మొదలయ్యే ఉత్సవాలూ ఉండేవి కావు.

కానీ గురజాలకు మాచర్ల కంటిలో నలుసయింది. కోడిపందెం వచ్చింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలని పందెం. బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. ఇచ్చిన మాట ప్రకారం మలిదేవాదులు రాజ్యం వదిలి వెళ్ళారు. ఏడేళ్ళు గడిచాయి. తిరిగివచ్చి మా భాగం మాకివ్వండి అని అడిగారు. రాయబారిగా అలరాజును పంపారు. అలరాజు ఎవరు? స్వయానా నలగాముడి అల్లుడు. అతన్ని చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారని కథ. కూతురి పసుపుకుంకుమలు పోయినా ఫరవాలేదు గానీ సగం రాజ్యం మాత్రం వదలనన్నది ఆ దాహం.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మలిదేవుడు అడిగింది అత్యాశా? కాదు. ఒప్పుకున్న గడువు పూర్తిచేసి, ఒప్పుకున్న వాటా అడిగాడు. ఆరోజు ఎవరైనా పెద్దమనిషి వచ్చి ‘ఏడేళ్ళు బయట ఉండటం అలవాటయింది కదా, ఉన్నదాంతో తృప్తిపడు నాయనా’ అని మలిదేవుడికి చెప్పి ఉంటే అది నీతి అయ్యేదా? దొంగసొమ్ముకు తాళం వేయడం అయ్యేది. తృప్తి చెప్పవలసింది నలగాముడికి. అతనికి గురజాల ఉంది, కోట ఉంది, సైన్యం ఉంది, వెలనాటి చోళుల బంధుత్వం ఉంది. అన్నీ ఉన్నవాడికి లేనిదొక్కటే, చాలు అనే మాట.

అయితే ఒక పక్షాన్ని దేవుళ్ళను చేసి, ఇంకో పక్షాన్ని రాక్షసులను చేయడం కూడా మనకు వద్దు. నాయకురాలు నాగమ్మను చూడండి. ఆమె మా కరీంనగర్ వైపు ఆరవెల్లిలో పుట్టిందనీ, జిట్టగామాలపాడులో పెరిగిందనీ ఒక ఐతిహ్యం. పుట్టింట అండ లేదు, మొగుడు పోయాడు. ఆ కాలంలో అలాంటి స్త్రీ మంత్రిణి అయ్యి రాజ్యం నడిపింది. అదే పని మగవాడు చేస్తే రాజనీతి అంటారు. నాగమ్మ చేస్తే కుట్ర, కుయుక్తి. యుద్ధానికి కారణమెవరు అనగానే వేళ్ళన్నీ ఆమెవైపే తిరుగుతాయి. సింహాసనం మీద కూర్చున్న నలగాముడి పేరు మాత్రం నోటికి తొందరగా రాదు. ఆమెకు అధికార కాంక్ష లేదని నేను అనను. ఆ కాంక్ష ఆమె ఒక్కదానిదే అన్నట్టు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా చెప్పుకోవడం మాత్రం న్యాయం కాదంటాను.

ఇక బ్రహ్మనాయుడు. పెద్ద మనసున్నవాడు, కులాల గోడలు కూల్చినవాడు. ఆయన గొప్పతనం దగ్గరికి మళ్ళీ వస్తాను. కానీ ఒక ప్రశ్న అడక్క తప్పదు. ప్రజల బతుకులున్న రాజ్యాన్ని కోడిపుంజు కాలికి కట్టే హక్కు ఆయనకెవరిచ్చారు? మాచర్ల సీమలో దున్నుకు తినే రైతును అడిగాడా? మంద కాసుకునే గొల్లను అడిగాడా? గెలవాలన్న పంతం కూడా అధికార దాహానికి చిన్న తమ్ముడే. న్యాయం మనవైపు ఉన్నప్పుడు ఆ పంతాన్ని గుర్తుపట్టడం మరీ కష్టం.

చివరికి కారంపూడిలో ఏమైంది? బాలచంద్రుడు చనిపోయాడు. బొంగరాలాడుకునే వయసు. కొత్తపెళ్ళికూతురు మాంచాల ఇంట్లో ఉండగానే యుద్ధానికి పోయాడు. పందెం వేసింది పెద్దలు, రాయబారం చెడగొట్టింది పెద్దలు, నెత్తురు కార్చింది పిల్లలు. చాలామంది చెప్పుకునే కథలో యుద్ధమంతా అయ్యాక నలగాముడికే రాజ్యం అప్పగించి, బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడు. అంటే సింహాసనం ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. దాని చుట్టూ ఉన్న మనుషులు మాత్రం లేరు. కొన్నేళ్ళకే, 13వ శతాబ్దం మొదట్లో, ఈ ప్రాంతమంతా కాకతీయ గణపతిదేవుడి ఏలుబడిలోకి పోయింది. పల్నాటి పోరులో వెలనాటి బలం కూడా ఉడిగిపోయిందని చరిత్రకారులు చెప్తారు. గురజాలా మిగల్లేదు, మాచర్లా మిగల్లేదు. రెండు పిట్టలు గింజ కోసం కొట్టుకుంటే మూడోది ఎత్తుకుపోయింది.

చాపకూడు ఎందుకు మిగిలింది?

మరి మిగిలిందేమిటి? ఇదీ మనం పట్టుకోవలసిన విషయం. నలగాముడి కోట గురించి ఇవాళ ఎంతమంది మాట్లాడుతున్నారు? చాపకూడు గురించి మాత్రం అందరూ మాట్లాడతారు. ఒకే చాప మీద అన్ని కులాలవాళ్ళను కూర్చోబెట్టి అన్నం పెట్టిన కథ అది. మాల కులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించి, సేనాపతిని చేశాడు. ఇప్పటికీ కారంపూడి ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు జరుపుతారు. మందపోరు రోజున చాపకూడు పెడతారు.

బ్రహ్మనాయుడు రాజ్యం కోసం చేసిన పనులన్నీ రాజ్యంతోపాటే పోయాయి. తన పక్కన మరొకరికి చోటు ఇచ్చిన పని నిలిచింది. అధికారం కావాలనుకోవడం తప్పు కాదు మిత్రులారా. ఎవరి కోసం, ఎంతవరకు అన్నదే ప్రశ్న. చాప పరిచేందుకు అధికారం కావాలంటే అడుగుదాం, పోరాడుదాం. చాప చుట్టేసి చంకన పెట్టుకునేందుకు అయితే అది ఏ పేరుతో వచ్చినా దాహమే.

రాజుకు రాసిన ఉత్తరం

కారంపూడికంటే ఇంకా దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు వెనక్కి పోదాం. మాచర్ల దాటి పోతే నాగార్జునకొండ. 3వ శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. గుర్రాన్ని వదిలి, అది తిరిగిన నేలంతా నాదేననడమే కదా అశ్వమేధమంటే! అదే ఇంట్లో ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే కుటుంబంలో ఒకరు ‘నాది’ అన్నారు, ఒకరు ‘తీసుకోండి’ అన్నారు. ఆ రాజధాని ఇవాళ సాగర్ నీళ్ళ కింద ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. మునిగేలోపు తవ్వి తీసినవాటిని కొండమీద మ్యూజియంలో పెట్టారు. ఏ రాజు తొక్కిన నేలో ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఆ నీళ్ళు కుడి కాల్వలో పల్నాటికి, ఎడమ కాల్వలో నల్లగొండ, ఖమ్మాలకు పోతున్నాయి. అదే ఇప్పుడు అందరికీ పట్టే విషయం.

ఆ కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు ఒక ఉత్తరం రాశాడని బౌద్ధ సంప్రదాయం చెప్తుంది. దాని పేరు సుహృల్లేఖ, అంటే స్నేహితుడి ఉత్తరం. సంస్కృత మూలం పోయింది. చైనా, టిబెట్ అనువాదాల్లో బతికింది. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ దీన్ని ఇక్కడ పిల్లలు కంఠస్థం చేస్తారని రాశాడు. ఆ ఉత్తరంలో నాగార్జునుడు చెప్పిన మాటల్లో ఒకటి, సంపదలన్నిటిలోకి తృప్తి పెద్ద సంపద అని.

నన్ను ఆకట్టుకున్నది ఆ మాట ఒక్కటే కాదు. ఆ మాట ఎవరికి చెప్పాడు? రాజుకు చెప్పాడు! ఎండలో నాట్లేసే కూలీకి చెప్పలేదు. ఖజానా తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో వాడికి చెప్పాడు. ఆయనదే అని చెప్పే రత్నావళి అనే ఇంకో గ్రంథంలో రాజుకు బాధ్యతలు కూడా చెప్పాడు. రోగులను, దిక్కులేనివాళ్ళను చూసుకో, జైల్లో ఉన్నవాళ్ళకు కూడా తిండి, మందు, బట్ట, స్నానం, మంగలి అందేట్టు చూడు అన్నాడు. అంటే పైవాడికి తృప్తి, కిందివాడికి అన్నం. వరస అది. మన పాలకులు ఆ వరసను తిరగేశారు. అన్నం తాము తిని, తృప్తి మనకు పంచుతున్నారు.

పుల్లరి కట్టనన్న మనిషి

తృప్తి పేరుతో నోరు మూయించడం కుదరదని చెప్పిన మనిషి కూడా మీ నేలమీదే పుట్టాడు. దుర్గి మండలం మించాలపాడు కన్నెగంటి హనుమంతు. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టాలన్నది బ్రిటిష్ ప్రభుత్వం. గడ్డి మొలిపించింది వాన, మేసింది ఎద్దు, మధ్యలో పన్ను సర్కారుకు. 1921లో పల్నాటి పల్లెలు ఎదురు తిరిగాయి. ఊళ్ళోకి వచ్చిన అధికారులకు నీళ్ళు, తిండి, చాకలి, మంగలి సేవలు అందకుండా సాంఘిక బహిష్కరణ చేశాయి. 1922 ఫిబ్రవరి 22న పోలీసు కాల్పుల్లో హనుమంతు ప్రాణం పోయింది.

ఆయనకు ఏం కావాలి? సీటు కావాలా? బిరుదు కావాలా? తన ఎద్దు మేసే గడ్డి మీద ఎవడి పెత్తనమూ ఉండకూడదనుకున్నాడు, అంతే. హనుమంతు తృప్తి ఉన్న మనిషే. తృప్తి ఉన్న మనిషికే అంత తెగువ వస్తుంది. ఎందుకంటే అతన్ని కొనడానికి సర్కారు దగ్గర ఏమీ ఉండదు. పదవి మీద ఆశ ఉన్నవాడిని పదవితో కొంటారు, కాంట్రాక్టు మీద ఆశ ఉన్నవాడిని కాంట్రాక్టుతో కొంటారు. గడ్డి హక్కు తప్ప ఇంకేం వద్దన్నవాడిని దేంతో కొంటారు? అందుకే తూటా వాడారు. తృప్తి అంటే చేతులు కట్టుకు కూర్చోవడం అనుకునేవాళ్ళు హనుమంతును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ పుల్లరి ఉద్యమంలోనే జైలుకు పోయిన మనిషి ఉన్నవ లక్ష్మీనారాయణ. 1922లో జైల్లో కూర్చుని మాలపల్లి నవల రాశారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఈ సభలో విద్యార్థులున్నారు గనుక చెప్తున్నాను, మనం ఇవాళ మాట్లాడుకుంటున్న విషయమంతా ఆ నవలలో ఉంది. తండ్రి రామదాసు తత్త్వం తెలిసినవాడు, ఉన్నదాంతో శాంతంగా బతికేవాడు. కొడుకు సంగదాసు సమానత్వం కోసం నిలబడి, భూస్వామి చౌదరయ్య చేతిలో చనిపోతాడు. ఇంకో కొడుకు వెంకటదాసు ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచే తక్కెళ్ళ జగ్గడవుతాడు. తండ్రి తృప్తి గొప్పదే. కానీ ఆ తృప్తి కొడుకును కాపాడలేకపోయింది. ఎందుకని? ఎదుటివాడికి తృప్తి లేదు కాబట్టి. ఒకే ఊళ్ళో ఒకడు ‘చాలు’ అంటూ పోతుంటే, ఇంకొకడు ‘చాలదు’ అంటూ వస్తుంటే, కొన్నాళ్ళకు మొదటివాడి గుడిసె కూడా రెండోవాడి హద్దులో ఉంటుంది.

మన ఇంటి సంగతి

ఇంతవరకు మీ నేల గురించి చెప్పాను. ఇప్పుడు మన రెండు ప్రాంతాల మధ్య జరిగింది కూడా చెప్పకపోతే నా మాటకు విలువ ఉండదు.

ఈ నరసరావుపేట పక్కనే చిరుమామిళ్ళలో పుట్టిన కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రి. సమర్థుడైన పాలకుడని మీరంటారు. అనండి, కాదనను. ఆయన హయాంలోనే 1969లో తెలంగాణ విద్యార్థులు, ఉద్యోగులు రోడ్డెక్కారు. వాళ్ళు అడిగింది కొత్తది కాదు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నదే. మా ఉద్యోగాలు మాకు, మా మిగులు నిధులు మాకు. 1969 జనవరి 19న అఖిలపక్ష సమావేశం అవునంది. జనవరి 21న జీవో 36 వచ్చింది. స్థానికేతరులను వెనక్కి పంపుతామన్నారు. పంపారా? లేదు. కోర్టులన్నారు, గడువులన్నారు. కాల్పుల్లో పిల్లలు పోయారు. ఏడేళ్ళ గడువు అయ్యాక కూడా వాటా ఇవ్వని గురజాల మాకు గుర్తొచ్చిందంటే మీరు నొచ్చుకోవద్దు. అడిగినవాళ్ళకు ఆరోజు కూడా ఇదే ఉపదేశం దొరికింది, కలిసి ఉండండి, ఉన్నదాంతో సర్దుకోండి అని.

కానీ ఆ కథలో రెండో సగం ఉంది. అది మాకు చేదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితికి తెలంగాణలోని 14 సీట్లలో 10 సీట్లు జనం చేతుల్లో పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రజాసమితిని తీసుకెళ్ళి కాంగ్రెస్‌లో కలిపారు. బ్రహ్మానందరెడ్డి దిగారు, పి.వి. నరసింహారావు ఎక్కారు. తెలంగాణ మాత్రం అక్కడే ఉంది. ప్రజాసమితిని నడిపిన చెన్నారెడ్డి 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు, 1978లో అదే ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయ్యారు. హక్కు కోసం మొదలైన నడక కుర్చీ దగ్గర ఆగిపోయింది. హక్కును ఆశ అని ఎదుటివాడు పిలిస్తే మనం కోట్లాడవచ్చు. మనలోని ఆశే హక్కు వేషం వేసుకుని మన ముందు నడిస్తే ఎవరితో కోట్లాడాలి? ఆ దెబ్బనుంచి తేరుకుని, 2014 జూన్ 2న రాష్ట్రం కళ్ళ చూడటానికి ఇంకో 43 ఏళ్ళు పట్టింది.

రాష్ట్రాలు రెండయ్యాకైనా ఈ జబ్బు పోయిందా? మీ రాష్ట్రంలో 2014 తర్వాత ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు ఇంకో పార్టీలోకి నడిచారు. మా రాష్ట్రంలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అధికార పార్టీలో కలిశారు. 2023లో అధికారం అటు మారితే, 2024లో ఎమ్మెల్యేలు కూడా అటే మారారు. నియోజకవర్గం అభివృద్ధి కోసమే వెళ్ళామంటారు. నియోజకవర్గం అక్కడే ఉంటుంది, కండువా మాత్రమే మారుతుంది. వాటా తేలితే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం వాటా చేతికొచ్చినవాళ్ళ కడుపులో ఉంటుంది.

బొంగరాలాడే వయసు

ఇప్పుడు కుర్రవాళ్ళతో రెండు మాటలు.

2024 మే 13. పోలింగ్ రోజు. మాచర్ల పేరు దేశమంతా విన్నది. ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆ రోజు, ఆ తర్వాత రోజుల్లో పల్నాడు జిల్లాలో కొట్లాటలు, 144 సెక్షన్, అదనపు బలగాలు. జిల్లా ఏర్పడి అప్పటికి రెండేళ్ళు. 2022 ఏప్రిల్ 4న వచ్చిన జిల్లా. కొత్త జిల్లాకు ఉద్యోగాలు, కాలేజీలు, ఆసుపత్రులు, వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్ళు గురించి పేరు రావాల్సింది పోయి, రాళ్ళు కర్రల గురించి పేరొచ్చింది.

ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నాకు అక్కరలేదు. నాయకులకు లాయర్లుంటారు, బెయిళ్ళుంటాయి, హైదరాబాద్‌లో ఇళ్ళుంటాయి. కేసుల్లో ఇరుక్కున్న కుర్రవాడికి ఏముంటుంది? రేపు కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. పాస్‌పోర్టుకు పోతే పెండింగ్ కేసు అడ్డం వస్తుంది. వాయిదాకు తండ్రి అరక ఆపి కోర్టుకు రావాలి. ఎనిమిది వందల ఏళ్ళు దాటింది, ఇంకా పందెం వేసేది పెద్దలే, పోయేది బాలచంద్రులే. ఎవరి సీటు కోసమో మీ జీవితం పెట్టకండి. మీ నీళ్ళ కోసం, మీ కాలేజీ కోసం, మీ ఉద్యోగం కోసం అయితే రోడ్డెక్కండి. ఆ రోజు మీ నాయకుడి కొడుకు మీ పక్కన నిలబడ్డాడా, ఏసీ కారులో ఉన్నాడా చూసుకోండి. అక్కడే తెలిసిపోతుంది అది హక్కో, ఎవరి దాహమో.

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట. పీఆర్సీ అడగండి, డీఏ బకాయిలు అడగండి, పింఛను అడగండి. మీరు పనిచేశారు, అది మీది. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. కానీ మన బల్ల ముందు నిలబడ్డ ముసలమ్మ పింఛను కాగితం మీద సంతకానికి చెయ్యి చాపితే, కోరుకున్న చోటికి ట్రాన్స్‌ఫర్ కోసం నాయకుడి గుమ్మం ముందు నిలబడితే, మనం కూడా చిన్న గురజాలలమే. అధికారం అంటే ముఖ్యమంత్రి కుర్చీ ఒక్కటే కాదు. రబ్బరు ముద్ర కూడా అధికారమే. దాని దగ్గర చాలు అనగలిగినవాడే పై కుర్చీని నిలదీయగలడు.

చివరిగా మూడు ప్రశ్నలు ఇచ్చి ముగిస్తాను. ఏదైనా కావాలనిపించినప్పుడు వేసుకోండి. ఇది నాకు రావలసిందేనా? ఇది నాకు వస్తే ఎవరి కంచంలోనైనా తగ్గుతుందా? వచ్చాక నా పక్కన చాప మీద ఇంకొకరికి చోటుంటుందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు, మూడోదానికి అవును అని వస్తే అడగండి. గట్టిగా అడగండి. తృప్తి గురించి మీకు చెప్పడానికి వచ్చినవాడిని, ‘అయ్యా, నాగార్జునుడు ఆ ఉత్తరం రాజుకు రాశాడు, ముందు ఆయనకు వినిపించి రండి’ అని పంపించండి.

జవాబులు తారుమారైతే మాత్రం ఆగండి. ఎవరో ఆపాలని చూడకండి. గురజాల కోటలో ఆ రోజు ‘చాలు’ అన్నవాళ్ళు ఒక్కరుంటే నాగులేటి ఒడ్డున అంతమంది పిల్లలు పడి ఉండేవాళ్ళు కాదు.

సెలవు.